గోడ మీద తెల్ల మచ్చ

ఆత్రేయపురంలో ఆ పూతరేకుల షెడ్డుకి పోలీసులు అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికి అడుగు పెట్టేసరికే ప్రిస్కిల్లాకి ఒళ్ళు మండిపోతోంది. పొద్దున్నే స్టేషన్లో జయపాల్‌ని చూసి వచ్చింది. ఎలక్ట్రిక్ ఆటోలకి బ్యాటరీలు కలిపి బిగించే మెకానిక్ అతను. నిన్న ఈ షెడ్డులో ఛార్జింగ్‌కి పెట్టిన ఆటో దగ్గర పేలుడు జరిగి, షెడ్డు యజమానురాలు సత్యకుమారి ఒళ్ళు కాలి కాకినాడ ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంది. బ్యాటరీలు బిగించింది జయపాల్ కాబట్టి తప్పు జయపాల్‌ది. అంతకు మించి ఆలోచించడానికి ఎవరికీ ఓపిక లేదు. మధ్యాహ్నం కోర్టులో హాజరుపరిచి జైలుకి పంపడానికి కాగితాలు కూడా తయారు చేసేశారు. "నేను బిగించిన నట్టు వదులవదండి" అన్న ఒక్క మాట తప్ప ఆ మనిషి నోటి నుంచి ఇంకో మాట రాలేదు.

ఆ మాట ఎవరూ రాసుకోలేదు. ప్రిస్కిల్లా మాత్రం పట్టుకుంది. పదేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో అగ్నిప్రమాదాల సర్వేయరుగా పనిచేసిన మనిషి ఆమె. తన రిపోర్టులు తనకి తెలియకుండా దిద్దుతున్నారని తెలిసిన రోజున రాజీనామా మేనేజరు బల్ల మీద పడేసి, రాజమండ్రిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. జయపాల్ భార్య రూబీ రాత్రి ఆ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడిస్తే, కాదనలేక కేసు తీసుకుంది.

షెడ్డు లోపల ఆమె కన్నా ముందే ఒకడు తయారుగా ఉన్నాడు. అమ్మిరాజు. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు అదే కంపెనీకి సర్వేయరు. చేతికి రబ్బరు తొడుగులు, మొహాన ఆ పాత నవ్వు.

"ఆలస్యంగా వచ్చారు మేడమ్. కేసు అయిపోయింది."

"ఎవరికి అయిపోయింది?"

"రండి, చూపిస్తాను. మీరు నేర్పిన పనే కదా."

పైకప్పు పెంకులు చాలావరకు ఎగిరిపోయాయి. ఆటో సీట్ల రెక్సిన్ కాలి కారిపోయింది. వెనక సీటు ఎత్తితే కింద నాలుగు యాసిడ్ బ్యాటరీలు. రెండు పగిలాయి, రెండు ఉబ్బాయి. అన్నిటి మీదా మసి.

అమ్మిరాజు టార్చి వేసి, మూడో బ్యాటరీ మీద ఉన్న నట్టుని వేలితో తిప్పాడు. అది తేలిగ్గా తిరిగింది.

"ఇదిగోండి. లూజు కనెక్షన్. రవ్వ లేచింది, పేలింది. మీ క్లయింటు చేతి చలవ."

"మీరు వచ్చేసరికే ఇలా ఉందా?"

"నా కళ్ళతో చూశాను."

"పక్కన ఎవరున్నారు?"

"బండి అమ్మిన డీలరు, నాగేశ్వరప్రసాద్ గారు."

"పోలీసులో?"

"వాళ్ళు తరవాత వచ్చారు."

ప్రిస్కిల్లా ఇంకేమీ అనకుండా మోకాళ్ళ మీద కూర్చుంది. బ్యాటరీకి బ్యాటరీకి మధ్య తీగలన్నీ ఒకే పొడుగు. కొసలు గట్టిగా నొక్కి, మీద గ్రీజు రాశారు. ఫ్యూజు ఎక్కడో దూరాన కాక, ప్లస్ కొసకి ఆనుకునే ఉంది. నాలుగు బ్యాటరీల మీదా అచ్చయిన నెల ఒకటే. పాతదాన్ని కొత్తవాటిలో కలిపి, అది మిగతావాటి ప్రాణం తీసేలా చేసే కక్కుర్తి ఇక్కడ లేదు. ఇంత శ్రద్ధగా కట్టినవాడు ఒక్క నట్టు మాత్రం వదిలేసి ఇంటికి పోయాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

జేబులోంచి సన్నటి పట్టకారు తీసి ఆ నట్టు విప్పింది. దాని కింది వాషరు పైకి ఎత్తింది. కింద బ్యాటరీ కొస సీసం గుండ్రంగా, తళతళా మెరుస్తోంది. దాని చుట్టూ కాటుక లాంటి నలుపు.

"రాజుగారూ, ఇలా రండి."

అతను వంగాడు.

"పేలినప్పుడు ఈ నట్టు వదులుగా ఉంటే మసి దీని కిందకి కూడా దూరాలి కదా. దూరలేదే. వాషరు అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. అంటే పేలినప్పుడు ఇది బిగువుగా ఉంది. అంతా చల్లారాక ఎవరో పానా పెట్టి తిప్పారు."

"వేడికి వదులై ఉండొచ్చు మేడమ్."

"మిగతా ఏడు నట్లకీ వేడి తగల్లేదా?"

అమ్మిరాజు నవ్వు కాస్త చిన్నదైంది. ప్రిస్కిల్లాకి కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గుతుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఇప్పుడు ఆమె గొంతు చాలా కిందికి దిగిపోయింది.

పగలని రెండు బ్యాటరీల మూతలు ఒక్కొక్కటే విప్పి లోపలికి టార్చి కొట్టింది. ఒక్క గదిలోనూ నీళ్ళు లేవు. పలకలు ఎండిపోయి బయటపడి ఉన్నాయి. ఈ వారంలోనే జయపాల్ వీటన్నిటికీ డిస్టిల్డ్ వాటర్ పోశాడని రూబీ చెప్పింది.

"ఒక బ్యాటరీ చెడితే దాంట్లో ఒక్కదాంట్లోనే నీళ్ళు తగ్గుతాయి. ఇక్కడ అన్నీ సమానంగా ఎండిపోయాయి. రాత్రంతా వీటిలోకి పట్టేదానికన్నా ఎక్కువ కరెంటు తోశారు. ఛార్జర్ ఏది?"

"స్టేషన్లో ఉంది. సీలు వేశారు. నాలుగు బ్యాటరీలకి సరిపోయేదే. నేనే పరీక్షించాను."

ఆ ఛార్జర్‌ని ఆమె పొద్దున స్టేషన్లో చూసింది. జానెడు పెట్టె. అప్పుడే అట్టపెట్టెలోంచి తీసినట్టు పక్కలు శుభ్రంగా ఉన్నాయి. పేలుడు జరిగిన గదిలో అంత శుభ్రంగా ఎలా మిగిలిందా అని అప్పుడే అనుమానం తగిలింది. ఇప్పుడు లేచి ఆటో పక్క గోడ వైపు నడిచింది. గోడంతా నల్లగా మాడి ఉంది. మధ్యలో రెండు మేకులు, ఆ మేకుల కింద నలుచదరంగా ఒక తెల్ల మచ్చ. అక్కడ వేలాడిన వస్తువు మసిని గోడకి తగలనివ్వలేదు. ప్రిస్కిల్లా చెయ్యి చాపి ఆ మచ్చని కొలిచింది. జానెడు దాటి ఇంకా బెత్తెడు ఉంది.

"స్టేషన్లో ఉన్నది ఇక్కడిది కాదు. ఇక్కడ ఉన్నది దానికన్నా పెద్దది. అదెక్కడ?"

"గోడ మీద మచ్చ చూపించి కోర్టులో వాదిస్తారా?"

"వాదిస్తాను. మీరు ఆ మచ్చని ఫోటో కూడా తియ్యలేదు చూడండి, ఆ సంగతి కూడా వాదిస్తాను."

అమ్మిరాజు తొడుగులు విప్పేసి, ఫోన్ చేసుకోవాలంటూ బయటికి వెళ్ళాడు. ప్రిస్కిల్లా మచ్చని, నట్టుని, ఎండిన బ్యాటరీలని ఫోటోలు తీసుకుని, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడమనిషి దగ్గరికి నడిచింది. పేరు పాపాయి. షెడ్డులో రేకులు తీసే పనిమనిషి. పేలుడుకి ముందు ఆ గదిలోకి వెళ్ళి, ఒంటి మీద గాయం లేకుండా బయట ఉన్నది ఆవిడొక్కతే.

"నాకేం తెలీదండి. పోలీసోళ్ళకి చెప్పేశానండి."

"పోలీసులకి ఏం చెప్పారు?"

"తెలీదనే చెప్పానండి."

"రోజూ లోపల పొయ్యి దగ్గర ఉండాల్సినవారు నిన్న బయటెందుకు ఉన్నారు పాపాయిగారూ?"

పాపాయి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసేసరికి ఆ మొహంలో ఏడుపు లేదు. కోపం ఉంది.

"గెంటేస్తే బయట ఉన్నానండి. గెంటేశారు కాబట్టే బతికున్నాను. ఈ మాట చెబితే నా ఉసురు తగిలి ఆవిడ కాలిపోయిందంటారు. ఇప్పటికే అంటున్నారు."

"ఎందుకు గెంటేశారు?"

"పొద్దున తలుపు తీసేసరికి లోపల కుళ్ళిన కోడిగుడ్డు కంపండి. సత్యకుమారిగారికి ఎక్కడలేని కోపం వచ్చింది. నైవేద్యానికెళ్ళే సరుకు చేసే చోటికి గుడ్లు తెచ్చావా, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు అంటూ నా టిఫిన్ బాక్సు వీధిలోకి విసిరేశారండి. అందులో అన్నం, మాగాయ ముక్క తప్ప ఏం లేదు. అందరూ చూస్తుండగా నన్ను బయట నిలబెట్టారు."

"తరవాత?"

"మైల వాసన పోవాలని సాంబ్రాణి వేశారండి. తలుపు మళ్ళీ దగ్గరికి వేసి, ఆ ధూపం మూలమూలకీ చూపిస్తున్నారు. పైన అటక మీద కూడా చూపించాలని చెయ్యి ఎత్తారేమో, ఢామ్మంది. అంతేనండి."

ప్రిస్కిల్లా కళ్ళు మూసుకుంది. పూతరేకు ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చన. అందుకే ఆ షెడ్డు కిటికీలకి అట్టలు కొట్టారు, పెంకుల కింద ప్లాస్టిక్ పట్టా కట్టారు, ఫ్యాను అన్నదే పెట్టలేదు. గాలి చొరబడకుండా ఎంత జాగ్రత్త పడాలో అంతా పడ్డారు. వానకి తడవకుండా ఆటోని రాత్రిళ్ళు తెచ్చి అక్కడే ఛార్జింగ్‌కి పెట్టేవారు. ఇన్నాళ్ళూ సరైన ఛార్జర్ ఉంది కాబట్టి గండం గడిచింది.

"ఆ కంపు గుడ్డుది కాదు, బ్యాటరీలది. మోతాదు మించి ఛార్జింగ్ ఎక్కిస్తే లోపలి నీళ్ళు ఉడుకుతాయి. అంటుకునే వాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు గాని, దాంతో పాటు ఈ గుడ్డు కంపు వస్తుంది. ఆరుబయట అయితే గాలిలో కలిసిపోయేది. ఇక్కడ పోయే దారి లేక పట్టా కింద పోగుపడింది. ఆవిడ నిప్పు తీసుకెళ్ళి దాని దగ్గర పెట్టారు."

పాపాయి అరుగు మీద నుంచి లేచి నిలబడింది.

"అయితే నేను గుడ్డు తేలేదని ఊళ్ళో చెబుతారా అండి?"

"కోర్టులోనే చెబుతాను. మీరు కూడా చెప్పాలి. గోడకి ఉన్న ఛార్జింగ్ పెట్టె సంగతి చెప్పండి ముందు."

"పాతది మొన్న పెళ్ళిళ్ళ ఆర్డర్ల హడావుడిలో పాడైపోయిందండి. నాగేశ్వరప్రసాద్ గారిని అడిగితే పెద్దది ఇచ్చారు. ఐదు బ్యాటరీల బండిదైనా పర్లేదు, దీనికీ పనికొస్తుంది, తొందరగా ఎక్కుద్దని చెప్పారు. జయపాల్‌కి చెబితే వద్దని గొడవ చేస్తాడని అతనికి చెప్పలేదండి."

"నిన్న మంటలు ఆరాక ఆ పెట్టె ఎవరు తీశారు?"

పాపాయి చెయ్యెత్తి కారు పక్కన ఫోన్ మాట్లాడుతున్న అమ్మిరాజుని చూపించింది.

"ఆయనా, నాగేశ్వరప్రసాద్ గారూ లోపలికెళ్ళారండి. వచ్చేటప్పుడు గోనెసంచిలో ఏదో పెట్టుకుని వ్యానెక్కించారు. పోలీసోళ్ళు రాకముందే."

ప్రిస్కిల్లాకి అరికాలి మంట నెత్తికెక్కింది. నట్టు గురించి ఆమెకి ముందే అనుమానం ఉంది. అయినా తన దగ్గర పని నేర్చుకున్నవాడి మీద ఎక్కడో చిటికెడు నమ్మకం మిగిలి ఉందేమో, అది ఇప్పుడు పోయింది. చెయ్యి పట్టి నేర్పింది తనే. మసి ఎక్కడ పడుతుందో, ఎక్కడ ఆగుతుందో చూపించింది తనే. ఆ చదువుతోనే వాడు ఒక అమాయకుడి మెడకి ఉరి బిగిస్తున్నాడు. పాపాయిని రమ్మంది. ఇద్దరూ కారు దగ్గరికి వెళ్ళారు. అమ్మిరాజు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఛార్జర్ తప్పని తేలితే ఆ డీలరు బీమా మీద సత్యకుమారికి మీ కంపెనీ పరిహారం కట్టాలి. మెకానిక్ తప్పని తేలితే కట్టక్కర్లేదు. అంతేనా రాజుగారూ?"

"మాటలు జాగ్రత్త మేడమ్."

"నాలుగు బ్యాటరీల ఛార్జర్ ఇవ్వాల్సిన చోట ఐదు బ్యాటరీలది ఇచ్చి ఒక మనిషిని కాల్చారు. ఆ సంగతి దాచడానికి నట్టు వదులు చేశారు. పక్కా పనిమంతుడి పేరు చెడగొట్టి జైలుకి పంపుతున్నారు. ఇంకా నేను జాగ్రత్తగానే మాట్లాడుతున్నాను. ఆ గోనెసంచి ఏది?"

"ఏ గోనెసంచి?"

"చెప్పండి పాపాయిగారూ" అంది ప్రిస్కిల్లా.

పాపాయి నోరు తెరిచేలోపు ప్రిస్కిల్లా ఫోన్ మోగింది. రూబీ. స్పీకరు నొక్కింది.

"మేడమ్‌గారూ, మేం కోర్టుకి బయల్దేరుతున్నామండి. అమ్మని ఒకసారి చూస్తానని ఆయన కబురు పెట్టారు. అత్తయ్యకి కాళ్ళు రావు కదండి, ఆయన రిపేరు షాపులో ఉన్న మా ఆటోలోనే తీసుకొస్తున్నాను. ఛార్జింగ్ ఇంకాస్త ఎక్కాలి, అంతే. ఎందుకో గాని షాపంతా ఒకటే గుడ్డు కంపండి."

ప్రిస్కిల్లా ఫోన్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"రూబీ, ఛార్జింగ్ దేంతో పెట్టావు?"

"ఆయన ఛార్జర్ ఎవరో కస్టమరు పట్టుకెళ్ళారండి. తెల్లారుతుండగానే నాగేశ్వరప్రసాద్ గారి కొట్టోళ్ళు వచ్చి, రిపేరుకని ఒకటి పెట్టెళ్ళారు. పెద్దది. పిన్ను సరిపోయింది, దాంతోనే పెట్టాను."

"దాని మీద మసి ఉందా?"

"వెనక పక్క తప్ప అంతా మసేనండి."

గోడకి ఆనుకున్న పక్క తప్ప. ప్రిస్కిల్లా తల తిప్పి చూసేసరికి అమ్మిరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ముట్టుకోవద్దని చెప్పలేదా వాళ్ళు?" అన్నాడు. అనేశాక తన నోటిని తనే ఆపలేకపోయినట్టు నిలబడిపోయాడు.

ఆ మాట పాపాయి విన్నది, రూబీ కూడా విన్నది. జయపాల్‌ని విడిపించడానికి అదొక్కటీ చాలు. కానీ అది వాడుకోవడానికి ఇప్పుడు తీరిక లేదు.

"రూబీ, విను. నువ్వు ఎక్కడున్నావు? షాపు తలుపు తీసే ఉందా?"

"షట్టర్ దించేశానండి. నిన్నటి నుంచి జనం వచ్చి తొంగి చూసిపోతున్నారు, సిగ్గేసి దించాను. వెనక చిన్న తలుపుంది, అది కూడా మూసే ఉంది."

"స్విచ్ ముట్టుకోకు. ఛార్జర్ పిన్ను లాగకు. లైటు వెయ్యకు. వెనక తలుపు తెరిచి, ఉన్నపళంగా మీ అత్తగారిని తీసుకుని బయటికి వెళ్ళిపో. షట్టర్ మాత్రం ఎత్తకు. ఇనుము ఇనుముకి రాసుకుని రవ్వ లేస్తే చాలు, పేలిపోతుంది. అర్థమైందా?"

అవతల ఆటో సీటు కదిలిన చప్పుడు.

"మేడమ్‌గారూ, అత్తయ్యని ఇప్పుడే ఆటో ఎక్కించానండి. వెనక సీట్లో కూర్చున్నారు."

వెనక సీటు కిందే బ్యాటరీలు ఉంటాయి.

"భుజాన వేసుకో తల్లీ. మోయలేకపోతే ఈడ్చుకునైనా రా. ఫోన్ అక్కడే వదిలెయ్యి."

ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. ఛార్జర్ రొద. తలుపు గడియ తీసిన చప్పుడు. "రండత్తయ్యా" అని రూబీ, "ఏమైందే, నేను కోర్టుకెళ్ళాలి, వాణ్ని చూడాలి" అని అత్త జ్ఞానమ్మ. ప్రిస్కిల్లా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి అమ్మిరాజు వైపు తిరిగింది.

"ఆ ఛార్జర్ అక్కడెందుకు పెట్టించావు?"

"జయపాల్ దగ్గరే దొరికితే, ఛార్జర్ మార్చి దాచింది అతనేనని అందరూ నమ్ముతారని. మీరు మచ్చ చూశారుగా మేడమ్. ఇక ఆలస్యం చెయ్యకూడదని, ఇందాక ఎస్సైగారికి ఫోన్ చేశాను. జయపాల్ షాపులో ఇంకో ఛార్జర్ దాచాడని చెప్పాను. ఆయన ఆ దగ్గర్లోనే ఉన్నామన్నారు."

"మళ్ళీ చెయ్యి. ఆగమని చెప్పు."

అమ్మిరాజు నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. మూడోసారి మోగింది. మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యలేదు. ప్రిస్కిల్లా చేతిలోని ఫోన్లో మాత్రం అదే సమయానికి ఎవరిదో జేబులో ఫోన్ మోగుతున్న పాట సన్నగా వినిపించింది. వెంటనే ఇనప రేకు మీద లాఠీతో కొట్టిన చప్పుడు.

"ఎవరమ్మా లోపల? పోలీసులం. షట్టర్ తియ్యండి."

"తియ్యొద్దు బాబూ" అని రూబీ కేక దూరం నుంచి వచ్చింది. ఇంకా బయటికి వెళ్ళలేదు. గడియ తీసి వచ్చినా, అత్తగారితో వెనక తలుపు దాకా కూడా చేరినట్టు లేదు.

"ఏదో దాస్తున్నట్టుంది సార్" అని ఇంకెవరో అన్నారు. "గునపం ఇలా ఇవ్వండి."

ప్రిస్కిల్లా గొంతు చించుకుని ఫోన్లోకి అరిచింది. ఆ అరుపు అక్కడ ఛార్జర్ రొదలో ఎవరికి వినిపిస్తుంది? పాపాయి రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుంది.

ఫోన్లో షట్టర్ కింది అంచు కిర్రుమంటూ నేల మీద నుంచి లేచింది.